తామ్రనాణెముల చిలుము - శుద్ధివాక్యముల అన్వయము

విషయము, సంశయము

అనకాపల్లికి సమీపముననున్న శంకరము గ్రామమునందు బొజ్జన్నకొండ, లింగాలకొండ అను రెండు కొండలు కలవు. 1907-08లో అలెగ్జాండర్ రే ఇచ్చట త్రవ్వకములు జరిపించినప్పుడు రాతిలో తొలచిన స్తూపములు, విహారముల పునాదులు మాత్రమే గాక కొన్ని నాణెములును బయల్పడినవి. వానిలో సముద్రగుప్తుని బంగారునాణెమును, గుఱ్ఱపు బొమ్మగల సీసపునాణెమును, తూర్పుచాళుక్యరాజగు విష్ణువర్ధనుని రాగినాణెములును గలవు. ఇట్లు మూడు లోహములు ఒకే కొండమట్టిలో శతాబ్దములు పడియుండినను, మట్టి వానియందు ఒకే విధముగ ప్రవర్తింపదు. బంగారము వన్నె చెడదు. సీసము తెల్లని పొడియై క్షీణించును. రాగి నల్లబడును, ఎఱ్ఱబడును, పచ్చబడును, తుదకు కొన్ని యెడల పిండివలె రాలును.

ఈ రాగినాణెముపైని పచ్చదనమును తొలగింపవలెనా, ఉంచవలెనా అనునది ఇచ్చట విచార్యము. ఇది మ్యూజియముల వారికి మాత్రమే సంబంధించిన ప్రశ్న గాదు. విశాఖ, అనకాపల్లి ప్రాంతములలో పూర్వుల పెట్టెలయందు కుంపిణీ వారి రాగిడబ్బులు, కానులు నేటికిని కనిపించుచుండును. కలశములో వేయుటకో, పూజలో నుంచుటకో వానిని వెలికితీసినప్పుడు దేవతార్చనలోని రాగిచెంబును తోమినట్లే చింతపండును ఉప్పును కలిపి తోముట ఆచారమైనది. పొలము దున్నునప్పుడు దొరికిన నాణెమునకును ఇదే గతి పట్టుచున్నది. నాణెము తళతళలాడును, తోమినవారు సంతోషింతురు. కాని ఆ తళుకుతో పాటు దానిపైని అక్షరములును కడిగిన నీటిలో కలిసిపోవుట పలువురు గమనింపరు. తామ్రమునకు ఆమ్లముతో శుద్ధి శాస్త్రవిహితము గదా, అట్లగుట ఇది దోషమెట్లగునని వారి ప్రశ్న. దానికి శాస్త్రముననే సమాధానము కలదు.

శబ్దవిచారము

అమరకోశమున రాగికి తామ్రకము, శుల్బము, మ్లేచ్ఛముఖము, ద్వ్యష్టము, వరిష్ఠము, ఉదుంబరము అను పేర్లు చెప్పబడినవి. ఇనుపమలినమునకు మండూరమను ప్రత్యేకనామము కలదు. తెలుగువారును ఈ భేదమును పాటించిరి. ఇనుమునకు పట్టునది తుప్పు. రాగి, ఇత్తడి, కంచులకు పట్టునది చిలుము. తుప్పు ఇనుమును తినుచు పెళ్లలుగా ఊడును. చిలుము లోహమునంటి పొరగా నిలుచును. రెంటికి రెండు మాటలుండుట మన పూర్వుల లోకపరిశీలనకు సాక్ష్యము.

అయినను చిలుమను ఒక్క మాటలో పలువస్తువులు ఇమిడియున్నవి. పుల్లని పదార్థము రాగిపాత్రలో నిలువయున్నప్పుడు పుట్టు విషస్వభావముగల ఆకుపచ్చ చిలుము ఒకటి. మట్టిలో మెల్లమెల్లగ ఏర్పడిన గట్టి పచ్చపొర మరియొకటి. ఉప్పు సోకి పిండివలె పొంగునది వేరొకటి. మయిలతుత్తమును రాగినుండి పుట్టిన లవణమే. పేరొక్కటి యగుటచే వీనికన్నిటికి చికిత్స యొక్కటియే యని భ్రమ కలుగుచున్నది.

పూర్వపక్షము

మనుస్మృతి ఐదవ అధ్యాయమున ద్రవ్యశుద్ధిని చెప్పుచు తామ్రము, అయస్సు, కాంస్యము, ఇత్తడి, తగరము, సీసము అను వానికి క్షారము, ఆమ్లము, జలము శుద్ధిసాధనములుగ విధింపబడినవి. యాజ్ఞవల్క్యస్మృతియు ఈ మార్గమునే అనుసరించినది. కంచునకు బూడిద, రాగికి పులుపు శుద్ధికరమని లోకమునను ప్రసిద్ధి. రసశాస్త్రమున తామ్రశోధనమునకు పలుచని రేకులను కాల్చి నువ్వులనూనె, మజ్జిగ, గోమూత్రము, కాంజికము, ఉలవకషాయములందు పలుమారులు ముంచవలెనని చెప్పబడినది. కావున స్మృతిచేతను వైద్యముచేతను ఆమ్లశుద్ధి సమర్థింపబడుచున్నది. నాణెమును తామ్రమే గావున దానికిని అదే విధి యని పూర్వపక్షము.

వాక్యార్థనిర్ణయము

ఈ వాదము మూడు హేతువులచే నిలువదు.

మొదటిది ప్రకరణము. స్మృతులలోని ద్రవ్యశుద్ధి భోజనమునకును కర్మకును వినియోగించు పాత్రలను గూర్చినది. ఎంగిలి మొదలగు సంపర్కముచే అనర్హమైన పాత్రను తిరిగి అర్హము చేయుటయే ఆ విధికి ప్రయోజనము. చెంబు ఉపరితలము తోమి తోమి కొంత అరిగినను చెంబునకు లోపము లేదు. అది నీటిని నిలుపును. నాణెము నీటిని నిలుపుటకు పుట్టలేదు. పూర్వరాజు పేరును, చిహ్నమును, తూకమును చెప్పుటకే అది నేడు మనకు పనికివచ్చును. ప్రయోజనభేదమున్నచోట విధిని యథాతథముగ అతిదేశించుట తగదు.

రెండవది వాక్యములోని ‘యథార్హమ్’ అను పదము. మనువు ఆరు లోహములను, మూడు సాధనములను చెప్పి, ఏది దేనికి తగునో దానిని చేయవలెనన్నాడు. అన్ని లోహములకును అన్ని సాధనములును సమానముగ వర్తించునేని ఆ పదము వ్యర్థమగును. అదే పట్టికలో సీసమును గలదు. సీసపునాణెమును ఆమ్లపుటావిరి సోకుచోట నుంచినచో అది తెల్లని పొడిగా మారునని నేటి పరీక్షలు తెలుపుచున్నవి. పుల్లని ఆవిరి నిచ్చు కొయ్యపెట్టెలో ఉంచుటయే దానికి చాలినంత కీడు. కావున ‘యథార్హమ్’ అనుపదము కేవలము పాదపూరణము గాదు. అది విధికి హద్దు.

మూడవది రసశాస్త్రప్రయోజనము. అచ్చట శోధనము తరువాత మారణము వచ్చును. రేకు భస్మమగును, లోహరూపము నశించుటయే అచ్చటి లక్ష్యము. అశుద్ధతామ్రమునకు వాంతి, భ్రాంతి మొదలగు ఎనిమిది దోషములు చెప్పి, దానిని విషముకంటె అధికమని నిందించినది ఔషధముగ సేవించువాని క్షేమము కొఱకు. భస్మము సిద్ధమైనదో లేదో తెలియుటకు పెరుగుపై చల్లి చూచుట వైద్యులలో నున్నది. పెరుగు పచ్చబడినచో రాగి ఇంకను మిగిలియున్నదని అర్థము. నాణెము ఔషధము గాదు. రూపము నశించుటయే ఫలముగాగల ప్రక్రియను, రూపమే ప్రాణముగాగల వస్తువునకు అన్వయించుట విపరీతము.

రూపమే నాణెమునకు ప్రాణమనుట చమత్కారోక్తి గాదు. అర్థశాస్త్రమున నాణెమునకు రూపమనియే పేరు. వెండినాణెము రూప్యరూపము, రాగినాణెము తామ్రరూపము, నాణెములను పరీక్షించు అధికారి రూపదర్శకుడు. మాషకము, అర్ధమాషకము, కాకణి, అర్ధకాకణి అను రాగినాణెములు అచ్చట పేర్కొనబడినవి. అష్టాధ్యాయిలో (5-2-120) రూపశబ్దమునకు ఆహతార్థమున ప్రత్యయము చెప్పబడినది. ముద్రచే కొట్టబడిన రూపము కలది రూప్యము. లోహఖండమును నాణెముగా చేయునది ఆ దెబ్బయే. ఆ దెబ్బ గుర్తు చెరిగిన యెడల మిగులునది రాగిబిళ్ల మాత్రమే.

లోహస్వభావము

ఇక రాగి ఏల రంగు మారునో చూడవలెను. అచ్చునుండి వెలువడిన నాణెము ఎఱ్ఱగ మెఱయును. గాలిలోని ప్రాణవాయువుతో కలిసి దానిపై మొదట సన్నని ఎఱ్ఱని ఆక్సైడు పొర ఏర్పడును. అదియే చిక్కనై గోధుమవర్ణమగును. గాలిలో గంధకవాయువులున్నచో నలుపు కలుగును. రబ్బరుపట్టీతో చుట్టియుంచిన నాణెములపై నల్లచార పడుటకును రబ్బరులోని గంధకమే కారణము. మట్టిలోని తేమయు బొగ్గుపులుసుగాలియు కలిసినప్పుడు పచ్చని కార్బొనేటు ఏర్పడును. రసరత్నసముచ్చయమున రాగిని నేపాలము, మ్లేచ్ఛము అని రెండుగ విభజించి, మృదువును, బరువును, ఎఱ్ఱనిదియు, సమ్మెటదెబ్బకు ఓర్చునదియు నేపాలమనియు, కఠినమై, కడిగినను మరల నల్లబడునది మ్లేచ్ఛమనియు చెప్పబడినది. మలినములు కలిసిన రాగి త్వరగ వన్నె తప్పునను అనుభవము ఇందు స్పష్టము.

పైన చెప్పిన ఎఱ్ఱపొర, గోధుమపొర, గట్టి పచ్చపొర మూడును నాణెమునకు శత్రువులు గావు. ఇవి నునుపుగ, దట్టముగ అంటుకొని లోపలి లోహమునకు గాలి తగులకుండ కాపాడును. అంతకంటె ముఖ్యమైన విషయమొకటి కలదు. శతాబ్దములు భూమిలో నున్న నాణెమున పైలోహము చాలవరకు చిలుముగ మారిపోవును. అప్పుడు అచ్చు వేసిననాటి అసలు ఉపరితలము లోహమునందు గాక ఆ చిలుముపొరలందే నిలిచియుండును. అక్షరములు చిలుములో వ్రాయబడియున్నవన్నను తప్పులేదు. ఆమ్లము లోహమునకంటె ముందుగ ఆ చిలుమునే కరగించును. అందువలన తోముట ముగిసినప్పుడు చేతికి మిగులునది గుంటలుపడిన ఎఱ్ఱని లోహము. చదువవలసిన పంక్తి కరగిపోయినదన్నమాట.

కంచురోగము

నిజమైన శత్రువు వేరొకటి. ఉప్పులోని క్లోరైడు రాగిని చేరి, లోహమునకు ఆనుకొని లేతబూడిదరంగు క్యూప్రస్ క్లోరైడుగ నిలిచియుండును. తేమయు గాలియు తగిలినప్పుడు అది లేతాకుపచ్చని పిండిగ మారుచు లవణామ్లమును విడుచును. ఆ ఆమ్లము క్రొత్తరాగిని తిని మరల క్లోరైడగును. మరల తేమ, మరల పిండి, మరల ఆమ్లము. తార్కికులు చెప్పు చక్రకదోషము వంటి ఈ పరివృత్తికి రాగి ఉన్నంతవరకు అంతము లేదు. 19వ శతాబ్దము చివర ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞుడు బెర్తెలో ఈ చక్రమును వివరించెను. పాశ్చాత్యులు దీనికి బ్రాంజ్ డిసీజ్ అని పేరిడిరి, కంచురోగమని మనమనవచ్చును. రాగికిని కంచునకును ఇది సమానము.

గాలిలోని తేమ సుమారు 42 శాతమునకు లోబడియున్నచో ఈ చర్య దాదాపు నిలిచిపోవునని పరిరక్షణశాస్త్రజ్ఞుల అనుభవము. సముద్రతీరమునకు దగ్గరైన అనకాపల్లి వంటి చోట వర్షకాలమున తేమ 80 శాతము దాటుట సామాన్యము. పైగా సముద్రపుగాలిలో ఉప్పు కలదు. కావున పొడినేలలో నిలిచిన నాణెముకంటె ఇచ్చటి నాణెమునకు ఈ భయమెక్కువ.

ఈ సందర్భమున చింతపండు, ఉప్పు కలిపి తోముటలోని రెండవ హాని తేటపడును. పులుపు చిలుమును కరగించి రక్షణపొరను తీసివేయును. ఉప్పు ఆ తెఱచిన లోహమునకు క్లోరైడును అందించును. తోమిన పాత్రను మరునాడు మరల తోముదుము గనుక అచ్చట ఈ దోషము బయటపడదు. తోమి పెట్టెలో మూసియుంచిన నాణెము కొన్ని నెలలకు తెఱచి చూచునప్పటికి పచ్చని పొడి పొక్కులతో కనిపించును. చూచినవారు మురికి మిగిలినదని తలచి మరల తోముదురు. రోగమును నాటినది మందనుకొన్న ఆ తోముటయే.

రెండు చిలుములను గుర్తించుట కష్టము గాదు. గట్టిగ, నునుపుగ, సమానముగ పరచుకొని, గోటితో తాకినను ఊడని ముదురు పచ్చన లేక గోధుమవర్ణము శాంతమైన పొర. లేతాకుపచ్చని రంగుతో, చుక్కలు చుక్కలుగ, పొడిపొడిగ, తుడిచినను కొలది దినములలో మరల పుట్టునది రోగము.

విషమసిద్ధి నాణెముల సాక్ష్యము

శాస్త్రవిచారము నిష్ఫలముగ పోరాదు గనుక, మొదట చెప్పిన విష్ణువర్ధనుని నాణెములను తిరిగి చూడవలెను. బాదామి చాళుక్యుడగు రెండవ పులకేశి తమ్ముడు, వేంగి రాజ్యస్థాపకుడు నగు కుబ్జవిష్ణువర్ధనునికి విషమసిద్ధి యను బిరుదము కలదు. ఈ నాణెములపై ఒకవైపు సింహమును, విషమసిద్ధి యను అక్షరములును, రెండవవైపు దీపస్తంభముల నడుమ త్రిశూలమును కనిపించును. అదే బిరుదము ఆయన తామ్రశాసనములందును కలదు. నాణెమును శాసనముతో కలిపి, శాసనమును రాజుతో కలిపి, రాజును బొజ్జన్నకొండతో కలుపు సూత్రము ఆ ఐదక్షరములే. ఏడవ శతాబ్దమున చాళుక్యరాజ్యపు నాణెము ఈ బౌద్ధక్షేత్రమునకు చేరినదని మనము చెప్పగలుగుట వాని బలముననే.

ఒక్కసారి ఆ ఐదక్షరములు కరగినవనుకొందము. సింహము మాత్రము మిగిలినచో అది విష్ణుకుండినులదా, చాళుక్యులదా యని సందేహము కలుగును. విష్ణుకుండినుల నాణెములపైనను సింహమే గలదు. గుడులు, ఒత్తులు చెరిగినచో అక్షరము మారిపోవును. అంచు అరిగినచో తూకము తగ్గును. తూకము తగ్గినచో ఆ నాణెము ఏ మానమును అనుసరించినదో నిర్ణయింప వీలుపడదు. నాణెము అబద్ధమాడదు, కాని తోమినపిదప మౌనము వహించును. మౌనము వహించిన సాక్షితో వ్యవహారము నడువదు.

క్రొత్తకాలపు నాణెములకును ఇది వర్తించును. డబ్బు అను మాట మొదట ఒక రాగినాణెము పేరు. ఉత్తరసర్కారుల కొఱకు తూర్పుఇండియా కుంపిణీ 1794, 1797 సంవత్సరములు గల రాగినాణెములను ఇంగ్లండులో అచ్చువేయించెను. రూపాయికి 48 అని వానిపై వ్రాసియుండును. 1835 నాటి కుంపిణీ కానులు, 1943 మొదలు 1947 వరకు వెలువడిన చిల్లుకానులు, 1957లో వచ్చిన నయాపైసలు కూడ పలు గృహములలో నేటికిని కలవు. చిల్లుకానీ విలువ చేయదను సామెత పుట్టించిన నాణెమునకును చరిత్రలో విలువ కలదు. దాని సంవత్సరము చదువగలిగినంతవరకే.

కర్తవ్యము

నిషేధములు మొదట చెప్పదగును. చింతపండు, నిమ్మరసము, మజ్జిగ, ఉప్పు, బూడిద, ఇటుకపొడి, తీగబ్రష్షు, లోహములను మెఱయించు పాలిషులు వాడరాదు. నిప్పులో కాల్చి పులుసునీట ముంచుట మిక్కిలి హానికరము. చెమటలో ఉప్పు కలదు గావున నాణెపు ముఖమును వ్రేళ్లతో తాకరాదు, అంచు పట్టుకొనవలెను. మెత్తని పి.వి.సి. ప్లాస్టిక్కు సంచులందుంచరాదు, అది కాలక్రమమున విడుచు ఆమ్లము నాణెముపై పచ్చని జిగటను కలిగించును. కొయ్యపెట్టె, రబ్బరుపట్టీ, పసుపుకుంకుమల భరిణె, తడి కలశము కూడ తగవు. కలశమున వేయుటకు క్రొత్తగ కొన్న రాగిబిళ్ల చాలును, ప్రాతనాణెముతో పనిలేదు.

విధులలో మొదటిది, ఏమియు చేయకముందే నాణెమునకు రెండువైపుల ఛాయాచిత్రము తీసి, తూకము, వ్యాసము, దొరికిన చోటు వ్రాసియుంచుట. రెండవది, వదులుగ నున్న మట్టిని మాత్రము మెత్తని కుంచెతో, అవసరమైనచో శుద్ధజలముతో తొలగించి, పూర్తిగ ఆరబెట్టుట. కుళాయినీటిలో క్లోరిను కలదు గావున స్వేదితజలమే మేలు. అంటుకొన్న మట్టిని వెదురుపుల్ల మొనతో, భూతద్దము క్రింద చూచుచు, కొంచెము కొంచెముగ తీయవచ్చును. ప్రతిఘటించిన చోట ఆగవలెను. మూడవది, ఆమ్లము లేని కాగితపు కవరులో నుంచి, తేమను పీల్చు సిలికాజెల్ సంచితో గూడ గాలి చొరని డబ్బాలో భద్రపరచుట. నాలుగవది, లేతాకుపచ్చని పొడి కనిపించిన నాణెమును వెంటనే ఇతరనాణెముల నుండి వేరుచేసి పొడిచోట నుంచి, నిపుణునికి చూపుట.

ఈ రోగమునకు బెంజోట్రయజోల్ అను ద్రవ్యముతో చికిత్స చేయుట 1967లో మాడ్సెన్ సూచించిననాటి నుండి ప్రసిద్ధమైనది. అది రాగితో కలిసి సన్నని రక్షణపొర నేర్పరచును. కాని అది ఆరోగ్యమునకు హానికరమగుటచే ఇంటిలో చేయదగిన పని గాదు. భారత పురావస్తుశాఖలో 1917 నుండి రసాయనశాస్త్రజ్ఞుల సేవ కలదు. లక్నోలో 1976లో సాంస్కృతికసంపద పరిరక్షణకు జాతీయ పరిశోధనాలయము ఏర్పడినది. మ్యూజియముల ద్వారా అట్టివారి సలహా పొందవచ్చును.

భూమిలో దొరికిన నిధి విషయమున చట్టమును మరువరాదు. 1878 నాటి నిక్షేపనిధుల చట్టము ననుసరించి పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరికినచో కలెక్టరునకు తెలుపవలసియుండును. తెలుపుటకు ముందు తోముట ఆ నిధికి చేయు మొదటి అపకారము.

ఫలితార్థము

తామ్రమునకు ఆమ్లశుద్ధి విహితము. అది పాత్రకు విహితము, ఔషధమునకు విహితము. నాణెమునకు, తామ్రశాసనమునకు అది విహితము గాదు. వాని శుద్ధి వాని రూపమును నిలుపుటయందే కలదు. ‘యథార్హమ్’ అను పదమును విడిచి శేషవాక్యమును పట్టుకొనుటచే ఈ పొరపాటు వచ్చినది. ఆ పదమును పట్టుకొన్నచో స్మృతికిని రసాయనశాస్త్రమునకును విరోధమే లేదు. చెంబును తోమవలెను, నాణెమును చదువవలెను. శంకరము మట్టిలో ఇంకను ఏ రాజు పేరు గల నాణెమున్నదో, అది ఏ నాగలికఱ్ఱు మొనకు తగులునో, దానిని మొదట చేతబట్టినవారు చింతపండు కొఱకు వంటింటికి పోకుండుటయే ఈ విచారమునకు ప్రయోజనము.